రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ పండితుని చరిత్రము

మృగశిర వెడలి ఆరుద్రకార్తె ప్రవేశించి, తొలకరి వానకు జనగామ చుట్టుపట్ల నున్న ఎఱ్ఱచెలకలు తడియగానే, మఖమలు గుడ్డముక్కవలె మెత్తగా ఎఱ్ఱగా నుండు ఆరుద్రపురుగులు నేలమీదికి వచ్చును. మన పిల్లలు వానిని ఏఱి అగ్గిపెట్టెలలో దాచుకొనుట అందఱెఱిగిన సంగతియే. ఆ పురుగునకు కాళ్లెన్ని యని తరగతిలో నడిగినచో, ఆఱు అని చెప్పువారే యెక్కువమంది. లెక్కించి చూచినచో ఎనిమిది తేలును. కీటకములకు కాళ్లాఱు, ఎనిమిది కాళ్లు గలది కీటకము కాదు. ఆరుద్రపురుగు, తేలు, మండ్రగబ్బ, గోడమూల బూజు పట్టించు సాలెపురుగు, ఇవి యన్నియు నొక పెద్ద కుటుంబములోనివి. ఈ కుటుంబపు లెక్కలు వ్రాయుటయందును, ముఖ్యముగా మన దేశపు మెట్టభూములలో బొరియలు త్రవ్వుకొనియు చెట్టుతొఱ్ఱలలో దాగియు బ్రదుకు పెద్ద సాలెపురుగులకు పేళ్లు పెట్టుటయందును తన యౌవనమును ధారపోసిన యొక పండితుని చరిత్రము నిచట వ్రాయదలచితిని. ఆయన పేరు రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్. పులులను, చిఱుతపులులను గూర్చి చదివినవారు ఆ పేరు వినియుందురు. సాలెపురుగులయందు ఆయన చేసిన పని లోకమున కంతగా తెలియదు. నాకు మాత్రము రెండవదియే హెచ్చు విలువగలదిగా తోచుచున్నది.

పోకాక్ 1863వ సంవత్సరము మార్చి 4వ తేదీన ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణము నానుకొనియున్న క్లిఫ్టన్‌నందు జన్మించెను. తండ్రి నికొలస్ పోకాక్ క్రైస్తవ గురువు, చరిత్ర పరిశోధకుడు. తల్లి పేరు ఈడిత్. వారికి రెజినాల్డ్ నాలుగవ కుమారుడు. ఆక్స్‌ఫర్డులోని సెయింట్ ఎడ్వర్డ్స్ పాఠశాలలో చదువుకొను కాలమున ఎడ్వర్డ్ పూల్టన్ అను శాస్త్రజ్ఞుడు ఆ బాలునకు జంతుశాస్త్రమును బోధించి, ఆక్స్‌ఫర్డు వస్తుప్రదర్శనశాలలో జంతువుల యవయవములను పోల్చి చూచుకొనుటకు అనుమతి సంపాదించి పెట్టెను. ఉపాధ్యాయు డొక తలుపు తెఱచి లోనికి పొమ్మనుట యెంత మేలు చేయునో దీనివలన తెలియును. అటుపిమ్మట బ్రిస్టల్ విశ్వవిద్యాలయ కళాశాలలో లాయిడ్ మార్గన్ వద్ద జీవశాస్త్రమును, సోలాస్ వద్ద భూగర్భశాస్త్రమును అభ్యసించెను. జంతువులను చదివినవారు రాళ్లను చదువరు, రాళ్లను చదివినవారు జంతువుల జోలికి పోరు. ఈ యువకుడు రెండును చదివెను. ఆ రెండవ చదువు తరువాత నెక్కడ పనికివచ్చెనో ముందు చెప్పెదను.

1885లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, లండను నగరమందలి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో సహాయకుడుగా ఉద్యోగమున ప్రవేశించెను. ఆ ప్రదర్శనశాల క్రొత్త భవనము తెఱువబడి అప్పటికి నాలుగేండ్లే యయ్యెను. మొదటి సంవత్సరము కీటకముల విభాగమున పనిచేసిన పిమ్మట, సాలెపురుగులు, తేళ్లు, జెఱ్ఱులు, రోకలిబండలు గల విభాగ మాయన వశము చేయబడెను. ఎవరును కోరుకొనని శాఖ యని చదువరులు తలంపవచ్చును. సింహముల యొద్దకు, పక్షుల యొద్దకు జనులు వత్తురు గాని, సారాయము నింపిన సీసాలలో ముడుచుకొనిపోయిన జెఱ్ఱిని చూడవచ్చువా రెవరు? అయినను ఆయన ఆ సీసాల నడుమ పదునెనిమిదేండ్లు గడపి, సుమారు 200 వ్యాసములు ప్రకటించెను. రోకలిబండలలోనే 300 మొదలు 400 వఱకు క్రొత్త జాతులను వర్ణించెను. సంవత్సరమునకు పది పదునొకండు వ్యాసము లనగా, చేతిలో కలము, కంటియెదుట సూక్ష్మదర్శినియు లేని దినమే యుండలేదన్న మాట.

ఈ పనిలో మొదట చెప్పదగినది 1892లో జరిగినది. అంతకుముందు సాలెపురుగులను ఊపిరితిత్తుల సంఖ్యనుబట్టియో కన్నుల సంఖ్యనుబట్టియో విభజించుచుండిరి. పోకాక్ ఆగ్నేయాసియా అడవులలో నుండు లిఫిస్టియస్ అను నొక వింత సాలెపురుగును శ్రద్ధగా పరీక్షించెను. దాని కడుపు తక్కిన సాలెపురుగుల కడుపువలె నున్నని సంచి కాదు. దానిపై తేలు వీపుమీద నున్నట్లు పలకలు వరుసగా నుండును. దారము తీయు మొటిమలు కడుపు చివర గాక నడుమ నుండును. ఇది ఆదిమరూపమని గ్రహించి, ఆయన సాలెపురుగుల నన్నిటిని రెండు మహావర్గములుగా చేసెను. మొటిమలు నడుమ గలవి యొక వర్గము, చివర గలవి యొక వర్గము. ఈ రెండవ దానిని మరల రెండుగా చీల్చెను. ఒకదానిలో కోఱలు గడ్డపాఱలవలె సరిసమానముగా పైనుండి క్రిందికి దిగును. బొరియలు త్రవ్వు పెద్ద సాలెపురుగు లివియే. రెండవదానిలో కోఱలు పట్టకారువలె ఎదురెదురుగా కూడుకొనును. మన యిండ్లలో నుండునవి, తోటలలో చక్రమువంటి వల పన్నునవి యీ తెగకు చేరినవి. నేటికి లోకమున 50,000కు పైగా సాలెపురుగు జాతులు వర్ణింపబడినవి. అవి యన్నియు ఇరువదితొమ్మిదేండ్ల యువకు డాదినమున గీచిన గీతల లోపలనే యమరియున్నవి. ఆయన పెట్టిన పేళ్లలో ఒకటి తరువాత మార్చిరి గాని గీతలను మార్చలేదు.

గడ్డపాఱ కోఱలు గల సాలెపురుగులను గూర్చి కొంచెము విస్తరింతును. మన పాఠశాలకు ఇరుప్రక్కల నుండు భూములను తలంచుకొనుడు. జనగామ వైపు గుండ్రాళ్ల బోళ్లు, తుమ్మచెట్లు, రేగుపొదలు, ఎండిన చెఱువులు. మహబూబాబాదు దాటి గోదావరి వైపు పోవుకొలది టేకు, మద్ది చెట్లు హెచ్చును. భూపాలపల్లి చేరునప్పటికి అడవి. వేసవిలో జనగామ బండలపై కాలు మోపరాదు. అట్టి నేలమీద శరీరమునుండి నీరు పోకుండ కాపాడుకొనుట ప్రాణులకు మొదటి సమస్య. తలుపు సాలెపురుగు అనబడునది గట్టునందు గాని, ఏటివాలునందు గాని బొరియ త్రవ్వి, దానిలోపల పట్టుతో గోడలు పూసి, మన్నును పట్టును కలిపి మూత చేసి, ఒక ప్రక్క కీలువలె కుట్టును. మధ్యాహ్నము బయట నిప్పులు చెఱుగుచున్నను లోపల చల్లగా, తేమగా నుండును. చీకటిపడిన పిమ్మట మూత నొకింత యెత్తి, ముందుకాళ్లు గడపపై నుంచి, పోవు చీమ, మిడుత యొక్క యడుగు సడి గమనించుచుండును. ఆడది తన జీవితమంతయు, అనగా చాల యేండ్లు, ఆ యొక్క బొరియలోనే గడపును. మగది పెద్దదైన పిమ్మట, తఱచుగా వానలు పడిన దినములలో, ఆడదానిని వెదకుచు బయలుదేరి కొలదికాలముననే చచ్చును.

ఇందులో మఱియొక విశేషము కలదు. ఇండ్లలో నుండు చిన్న సాలెపురుగుల పిల్లలు పట్టుపోగు నొకదానిని గాలిలోనికి వదలి, దానిని పట్టుకొని యెగిరి క్రోసుల కొలది పోగలవు. సముద్రము నడుమ నోడలపై గూడ వాలుట కలదు. బొరియ సాలెపురుగులలో ఎక్కువ జాతుల కీ విద్య లేదు. పిల్లలు తల్లి బొరియనుండి వెడలి, కొన్ని బారలు నడచి, అచ్చటనే తమ బొరియను త్రవ్వుకొనును. ఇట్లు తరతరములుగా కొన్ని బారల చొప్పున వ్యాపించు ప్రాణికి పెద్ద యేఱొకటి యడ్డము వచ్చినను దాటుట కష్టము. కాబట్టి ఆఫ్రికాలోను, మన దేశములోను, దక్షిణ అమెరికాలోను ఒకే తెగకు చెందిన బొరియ సాలెపురుగు కనబడినచో, అది సముద్రము నెట్లు దాటినదను ప్రశ్న పుట్టక మానదు. పోకాక్ ఈ ప్రశ్నను విడువలేదు. తేళ్ల వ్యాప్తిని గూర్చి 1894లో ఒక వ్యాసము వ్రాసెను. 1903లో బొరియ సాలెపురుగుల భౌగోళిక వ్యాప్తిని గూర్చి లండను జంతుశాస్త్ర సంఘమువారి పత్రికలో పెద్ద వ్యాసము ప్రకటించెను. బ్రిస్టల్‌లో చదివిన భూగర్భశాస్త్ర మిచ్చట తోడుపడెను.

ఆ 1903 నాటికి ఖండములు కదలుననెడి సిద్ధాంతము లేదు. వెగెనర్ దానిని ప్రతిపాదించినది 1912లో. అంతవఱకు పండితులు దూరదేశముల నడుమ పూర్వము భూమి వంతెనవలె నుండి తరువాత సముద్రమున మునిగిపోయినదని యూహించుచుండిరి. మన భూపాలపల్లికి ఈ కథలో చోటు కలదు. అచ్చటి గనులలో సింగరేణి వారు త్రవ్వు బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పైబడిన యడవుల శేషము. ఆ రాళ్ల తెగకు గోండుల దేశము పేరుమీద గోండ్వానా యని 1872లో మెడ్లికాట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పేరు పెట్టెను. అట్టి రాళ్లు, అట్టి యాకుల గుర్తులే ఆఫ్రికాలోను దక్షిణ ఖండములలోను కనబడుటచే, అవి యన్నియు కలిసియుండిన మహాభూమికి స్వెస్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు 1885లో గోండ్వానాభూమి యని పేరిడెను. రాళ్లు చెప్పు కథనే బొరియలోని సాలెపురుగు గూడ చెప్పునా యని పరీక్షించినవారిలో పోకాక్ మొదటి వరుసలోనివాడు. నేడు మన కెఱుకైన దేమనగా: భారతభూమి ఆఫ్రికానుండి వేఱుపడి, సుమారు 9 కోట్ల యేండ్ల క్రిందట మడగాస్కరును గూడ విడచి, ఒంటరిగా ఉత్తరమునకు సాగి, సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట ఆసియాకు తగిలినది. ఐడియాప్స్ అను తలుపు సాలెపురుగుల ప్రజాతి దక్షిణ అమెరికాలోను, ఆఫ్రికాలోను, మన దేశములోను గలదు. 2021లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన యొకటి పెద్ద వెండ్రుకల సాలెపురుగుల తెగ సుమారు 12 కోట్ల యేండ్ల క్రిందట అమెరికా ఖండములలో పుట్టి, ఆఫ్రికా మీదుగా మన భూమికి చేరి, ఈ భూమి నావవలె కదలివచ్చి ఆసియాను తాకిన తరువాత రెండు మాఱులు వేఱువేఱుగా తూర్పునకు వ్యాపించెనని తేల్చినది. ఒక మాఱు వెడలినది నేలలో బొరియ త్రవ్వునది, మఱియొక మాఱు వెడలినది చెట్లపై నుండునది. పోకాక్ చేతిలో జన్యువులు లేవు, సారాయపు సీసాలు మాత్ర ముండెను.

ఆ సీసాలు ఆయనకు వచ్చిన విధమును చెప్పవలెను. బొంబాయిలో 1883లో ప్రకృతి చరిత్ర సంఘ మేర్పడెను. దాని సభ్యులు, అడవి అధికారులు, ఇంజనీర్లు, వైద్యులు తమకు దొరకిన పురుగులను పెట్టెలలో నుంచి పంపుచుండిరి. పోకాక్ లండనులో కూర్చుండి, ఇతరుల చేతిమీదుగా వచ్చిన నమూనాల సాయముననే మన దేశపు సాలెపురుగులను గూర్చి వ్రాసెను. ఆయన చూచినది చచ్చిన దేహము. చీటీమీద నుండిన యూరిపేరే దాని యిల్లు. ఈ పద్ధతిలోని బలమును, లోపమును తెలిసికొనుటకు గుత్తి సాలెపురుగు కథ చాలును.

చెట్లతొఱ్ఱలలో నివసించు పెద్ద సాలెపురుగు ప్రజాతి యొకటి కలదు. పారిసు నగరపు సీమోన్ పండితుడు 1885లో దానికి పోయెసిలోథీరియా యని పేరు పెట్టెను. చిత్రవర్ణములు గల కాళ్లు, చదునైన దేహము, చుట్టిన చెక్కువంటి చారలు గల యీ సాలెపురుగులు భారతదేశమునను సింహళమునను మాత్రమే గలవు. పోకాక్ 1895లో ఇందులో మూడు జాతులను వర్ణించెను. 1899లో ఒక్క సంవత్సరముననే ఫార్మోసా, ఆర్నేటా, రీగాలిస్, రుఫిలేటా, మెటాలికా అను నైదింటికి పేళ్లు పెట్టెను. కడపటి దానికి లోహమను నర్థము గల పేరు పెట్టుటకు కారణము దాని రంగు. అది కాల్చిన యుక్కువలె నీలముగా మెఱయును. ఈ నీలము రంగుపదార్థమువలన వచ్చినది కాదు. వెండ్రుకలలోని అతిసూక్ష్మమైన పొరలమీద వెలుతురు పడి చెదరుటవలన, సబ్బుబుడగపై రంగులు పుట్టునట్లు పుట్టునది.

దాని నమూనా దొరకినది అనంతపురము జిల్లా గుత్తియందు. అడవిలో గాదు, రైలువారు కట్టెలు పేర్చు దొడ్డిలో. గుత్తి కోట బోడికొండపై నున్నది, చుట్టును అనావృష్టి దేశము. తొఱ్ఱలుగల పెద్దచెట్లపై బ్రదుకు సాలెపురుగునకు అచ్చ టేమి పని? ఎక్కడనో నఱకిన దూలపు తొఱ్ఱలో దాగియుండి, ఆ దూలముతో బండి యెక్కి వచ్చినదని ఊహించుట సహజము. కాని చీటీపై గుత్తి యని యుండెను. లండనులో నున్నవానికి చీటీ తప్ప వేఱు సాక్ష్యము లేదు. గ్రంథములలో గుత్తి యని పడెను. ఆ తరువాత నూఱేండ్లకు పైగా ఆ సాలెపురుగును సజీవముగా మఱియెవ్వరును చూచినట్లు వ్రాయలేదు. కడకు 2001లో నంద్యాలకు గిద్దలూరునకు నడుమ నుండు నల్లమల ప్రాంతపు ఆకురాల్చు అడవులలో అది దొరకినది. గుత్తికి అది నూఱు కిలోమీటర్లకు పై దూరము. పోకాక్ తప్పు చేసెనని నే ననను. కాని పేరు పెట్టినవా డొకచోట, ప్రాణి యొకచోట, ఊరి పేరు మఱియొకచోట నుండుటచే, కాపాడవలసిన యడవి యేదో నూఱేండ్లు తెలియకుండుట మాత్రము నిజము. అడవినుండి తెచ్చినవారి నొక్కమాట యడిగి చీటీపై వ్రాసియుండినచో ఆ నూఱేండ్లు మిగిలియుండెడివి. మన పాఠశాల ప్రకృతిశాస్త్ర బీరువాలో నమూనాల నుంచు విద్యార్థులు, చీటీపై తేదీని, ఊరినే కాక, చెట్టుపేరు గూడ వ్రాయవలెనని నే నందుచేతనే పట్టుపట్టుదును.

మరల పోకాక్ కడకు వత్తము. 1900లో భారతదేశ జంతుజాల గ్రంథమాలలో సాలెపురుగులు, తేళ్లు మొదలగువానిని గూర్చిన సంపుటమును ఆయన ప్రకటించెను. పుటలు 279. ఆ గ్రంథమాలకు సంపాదకుడు బ్లాన్‌ఫర్డ్. ఈయన భూగర్భశాస్త్ర శాఖయందు పనిచేసి, 1871లో గోదావరి తీరపు ఇసుకరాళ్లను గూర్చి వ్యాసము వ్రాసినవాడు గావున మన ప్రాంతమునకు పరాయివాడు కాడు. పోకాక్ సంపుటమున తేళ్లు, మండ్రగబ్బలు, ఎండభూములలో పరుగులు తీయు సూర్యసాలెపురుగులు, బొరియ సాలెపురుగులు ముఖ్యముగా వర్ణింపబడినవి. ఇది వెలువడునంతవఱకు మన దేశపు తేలును పట్టుకొని దీని పేరేమి యని యడిగినవానికి ఒక్కచోట సమాధానము దొరకు పుస్తకము లేదు.

ఆ సంపుటమందే స్టెగోడైఫస్ పసిఫికస్ అను జాతికి ఆయన పేరు పెట్టెను. దీని తోబుట్టువు వంటిది స్టెగోడైఫస్ సరసినోరమ్. దానికి 1892లో కార్ష్ అను జర్మను పండితుడు పేరు పెట్టెను. దక్కను మెట్టభూములలో తుమ్మకొమ్మలకు, రేగుపొదలకు, ముండ్లకంచెలకు దుమ్ముపట్టిన గోనెముక్క చిక్కుకొన్నట్లు కనబడు సాలెగూళ్లు ఈ రెండవ దానివి. పశువులను కాచువా రందఱును చూచియుందురు. లోపల నేమున్నదో చూచినవారు కొలదిమంది. అందులో వందల కొలది సాలెపురుగులు కలసి కాపురముండును. కలసి వల నల్లును, పెద్ద మిడుత చిక్కినచో కలసి పట్టును, కలసి తినును. సాలెపురుగులలో సామాన్యముగా ఒకదానిని చూచిన నొకటి చంపి తినునది. ఇట్టి సంఘజీవనము మిక్కిలి యరుదు. తల్లి తాను తిన్నదానిని కక్కి పిల్లలకు పెట్టి, కడపట తన దేహమునే వానికి ఆహారముగా నిచ్చును. ఈ ప్రజాతిలో కలసి బ్రదుకు జాతులు మూడు. రెండు ఆఫ్రికాలో, ఒకటి మన వైపున. అవి ఒక సంఘజీవి సంతానము గావనియు, మూడును వేఱువేఱుగా ఒంటరి పూర్వుల నుండి యీ పద్ధతికి వచ్చినవనియు నేటి పరిశోధకులు కనుగొనిరి. ముండ్లు, ఎండ, అప్పుడప్పుడు దొరకు పెద్ద మిడుత గల దేశములలో ఇట్లు జరుగుట గమనింపదగినది. కాని గూటిలోనివి గూటిలోనివానినే పెండ్లాడుటచే వీని వంశములలో వైవిధ్యము సన్నగిల్లిపోవుచున్నది. పోకాక్ ఈ ప్రజాతిని సీసాలో చూచెనే గాని, ఈ సంసారమును చూడలేదు.

1900 నాటి గ్రంథము సంపూర్ణము కాదు. వల పన్ను చిన్న సాలెపురుగులు, తోడేటి సాలెపురుగులు, పూలపై పొంచియుండు పీత సాలెపురుగులు మొదలగు వేల జాతుల పని యట్లే మిగిలెను. దానిని పూర్తిచేయగలవాడు పోకాక్ ఒక్కడే. కాని 1904లో ఆయన ప్రదర్శనశాలను విడచి, లండను జంతువనమునకు పర్యవేక్షకుడుగా పోయెను. ఆనాటినుండి సాలెపురుగులపై నుండిన చూపు తఱిగి, క్రమముగా పాలిచ్చు జంతువులమీదికి పోయెను. ఇందుల కాయనను నిందించుట తగదు. నలుబదియొక్క యేండ్ల ప్రాయమున, చచ్చిన జెఱ్ఱుల నడుమనుండి సజీవమైన సింహముల నడుమకు రమ్మనినచో కాదనువా రెవరు? కాని మన దేశపు సాలెపురుగులకు మాత్రము నష్టమే కలిగెను. ప్రభుత్వ గ్రంథమాలలో తరువాతి సాలెపురుగు సంపుటములు టికాదర్ పండితుని పేర వెలువడినవి 1980లోను 1982లోను. నడుమ ఎనుబదేండ్లు. ఈ మధ్యకాలమున దీపము నార్పక కాపాడినవారిలో ఫ్రెడరిక్ గ్రేవ్లీ ముఖ్యుడు. ఆయన కలకత్తా ప్రదర్శనశాలలో నున్నప్పుడు, 1915లో మన దేశపు పెద్ద సాలెపురుగుల పరిణామమును వ్యాప్తిని గూర్చి వ్రాసెను; తరువాత 1920 మొదలు 1940 వఱకు చెన్నపురి ప్రదర్శనశాలకు అధ్యక్షుడుగా నుండెను.

జంతువనమున పోకాక్ పందొమ్మిదేండ్లు పనిచేసెను. అచ్చట చచ్చిన జంతువు లాయనకు పుస్తకములయ్యెను. ప్రదర్శనశాలలలో నెండిన తోళ్లు, ఎముకలు మాత్రమే యుండును. ముక్కు కొన, చెవి మడత, అరికాలి మెత్తలు, వాసన గ్రంథులు ఎండినపిమ్మట గుర్తింపరానివి. క్రొత్తగా చచ్చిన దేహమున వానిని చూచి, బొమ్మలు గీచి, వానినిబట్టి జంతువుల బంధుత్వములను నిర్ణయించెను. 1916లో సింహము, పులి మొదలగువాని గొంతులోని నాలుక యెముకను పరీక్షించి, గర్జించు పెద్దపిల్లులు ఒక తెగ యనియు, గుఱ్ఱుగుఱ్ఱుమను చిన్నపిల్లులు మఱియొక తెగ యనియు విభజించెను. 1911లో రాయల్ సొసైటీవా రాయనను సభ్యునిగా నెన్నుకొనిరి.

1923లో ఉద్యోగమునుండి విరమించెను. విరమించెనని చెప్పుట పేరునకే. మరల ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు పోయి, స్వచ్ఛందముగా పాలిచ్చు జంతువుల విభాగమున కూర్చుండెను. తోళ్ల రంగునుబట్టి చిఱుతపులులను అనేక యుపజాతులుగా విభజించెను. 1930లో కాశ్మీరపు చిఱుతకు వేఱుపేరు పెట్టెను. తరువాతివారు దానిని మన సామాన్యపు చిఱుతలోనే కలిపివేసిరి. సాలెపురుగులలో ఆయన గీచిన గీతలు నిలిచినంతగా చిఱుతలలో నిలువలేదు. వెనుకటి గ్రంథమాలలోనే 1939లో కోతులను పిల్లిజాతివానిని గూర్చిన సంపుటమును, 1941లో కుక్కలు, ఎలుగుబంట్లు మొదలగువానిని గూర్చిన సంపుటమును ప్రకటించెను. అది యుద్ధకాలము, లండనుపై బాంబులు పడుచుండెను, ఆయనకు డెబ్బదియెనిమిదేండ్లు. 1947 ఆగస్టు 9వ తేదీన లండనులో కాలధర్మము నొందెను. మఱి యాఱు దినములకు ఆయన గ్రంథముల పేరిటనున్న బ్రిటిషు ఇండియా గూడ లేకపోయెను.

గుత్తి సాలెపురుగు సంగతి ముగింపవలసియున్నది. 2001లో అది మరల దొరకినదను వార్త శాస్త్రజ్ఞులకే కాక, దూరదేశములలో సాలెపురుగులను గాజుపెట్టెలలో పెంచు వేడుకగాండ్రకును తెలిసెను. నీలముగా మెఱయు ప్రాణికి వెల పలుకుట యేమి వింత? 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దీనిని తీవ్రముగా అంతరించు ప్రమాదము గల ప్రాణుల పట్టికలో చేర్చిరి. అది బ్రదుకు నేల యంతయు కలిపి నూఱు చదరపు కిలోమీటర్లకు లోపే యనియు, అందులోను కట్టెలకై చెట్లు నఱకబడుచున్నవనియు, వ్యాపారులు పట్టుకొనిపోవుచున్నారనియు కారణములు చూపిరి. 2019లో ఈ ప్రజాతి యంతయు అంతర్జాతీయ వ్యాపారపు టొడంబడికలోని రెండవ పట్టికలో చేర్చబడెను. ఆనాటినుండి అనుమతి పత్రము లేక దేశము దాటించుట నేరము. దీని కాటువలన నొప్పి, కండరముల యీడ్పు కలుగును గాని, మనుష్యుడు చచ్చినట్లు నిర్ధారణ లేదు. కావున కనబడినచో చెప్పుతో కొట్టవలసిన పని లేదు.

పోకాక్ చూచి పేరు పెట్టిన నమూనా లండను ప్రదర్శనశాలలోనే నేటికి నున్నది. పరదేశములలో దీనిని పెంచువా రిప్పటికిని గుత్తి సాలెపురుగనియే పిలుచుచున్నారు.